ఉబ్బిన రింగులు

మైదానంలో అందరూ ఆమెను బుస్సక్క అనేవారు. ఎవరు ఏ గన్ను పట్టుకొచ్చినా ఆమె తలెత్తకుండా అడిగే మొదటి మాట, "ఎక్కడ బుస్సుమంటోంది?" అని. ఆ మాట పట్టుకుని పేరు పెట్టింది సొంత తమ్ముడే. పోను పోను ఆమె కోపం రుచి చూసినవాళ్ళు ఆ పేరుకు ఇంకో అర్థం కూడా కలిపారు. అదీ ఆమె చెవిన పడింది. పడినా, "బుస కొట్టేది ట్యాంకు కాకపోతే చాలు, నేను కొడితే ఎవరికేం నష్టం" అని ఊరుకుంది.

ఊరి చివర ఒకప్పుడు ఇటుకలు కాల్చిన ఖాళీ స్థలంలో ఆ తమ్ముడు పెయింట్‌బాల్ ఆట పెట్టాడు. పాత టైర్లు, చెక్క గోడలు, ఇసుక బస్తాలు పేర్చి దాక్కునే చోట్లు కట్టాడు. రెండు జట్లు ముఖాలకు ముసుగులు తగిలించుకుని, రంగు నింపిన బంతుల్ని గన్నులతో ఒకరి మీద ఒకరు కాల్చుకోవాలి. రంగు అంటినవాడు అవుటు. సెలవు రోజుల్లో ఆఫీసుల వాళ్ళూ కాలేజీల వాళ్ళూ గుంపులుగా వచ్చి, ఒళ్ళంతా కమిలిపోయేలా దెబ్బలు తిని, అదేదో సన్మానం జరిగినట్టు నవ్వుకుంటూ వెళ్ళేవారు. బుస్సక్కకు ఆ సరదా ఏమిటో ఎన్నడూ అంతుపట్టలేదు. ఆమెకు తెలిసిందల్లా గన్ను వెనక బిగించే ట్యాంకు. నీళ్ళ సీసా అంత ఉంటుంది. అందులో బాగా ఒత్తి నింపిన గాలి. ట్యాంకు మూతి దగ్గర ఒక సన్నటి గాడి, ఆ గాడిలో చిటికెన వేలి ఉంగరమంత నల్లటి రబ్బరు రింగు. ట్యాంకూ గన్నూ కలిసే చోట గాలిని ఆపేది ఆ రింగొక్కటే. అది చిట్లిందా, గాలి బుస్సుమంటూ బయటికొచ్చేస్తుంది, ఆట అక్కడితో సరి.

అలాంటి పని ఆమె చేతికి కొత్త కాదు. ఆమె తండ్రి కిరసనాయిలు స్టవ్వులు బాగుచేసేవాడు. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ మూలన పడేసి, ఆయన పక్కన చేరి పంపుల్లో వాషర్లు మార్చేది. పెళ్ళయ్యాక ఒక గ్యాస్ పొయ్యిల షాపులో కుదిరింది. ఆ వీధిలో కుక్కర్ గాస్కెట్టు పాడైన ఇల్లాలల్లా ఆమె కోసమే వచ్చేది. "ఆవిరి, గ్యాసు, గాలి. పారిపోదామని చూసేవాటిని పట్టి ఆపడంతోనే నా బతుకు తెల్లారిపోతోంది" అని తనమీద తనే జోకులేసుకునేది. తమ్ముడు ఆట పెట్టినప్పుడు, "అక్కా, ఈ ట్యాంకుల సంగతి నీకు తప్ప ఎవరికీ తెలీదు" అని బతిమాలి తెచ్చుకున్నాడు. మైదానం పక్కన రేకుల షెడ్డు, అందులో ఒక బల్ల, ఒక నీళ్ళ టబ్బు, గోడకు మేకులు. అదే ఆమె రాజ్యం.

ఆమె భర్త ప్రింటింగ్ ప్రెస్సులో మెషీన్ మన్. వయసులో ఉన్నప్పుడు చేరి, తల నెరిసేదాకా అక్కడే ఉన్నాడు. మెషీన్ల హోరు మధ్య బతికిన మనిషి కావడంతో, రహస్యం చెప్పినా పక్కింటికి వినపడేది. ఆ ప్రెస్సు మూతపడింది. మిగిలిన సామాను తలా కాస్తా సర్దుకుని పనివాళ్ళంతా ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆయన మాత్రం ఇంట్లో కూలబడ్డాడు.

పని లేని మనిషి ఇంట్లో ఉంటే ఇంటికి పని పెరుగుతుందని బుస్సక్కకు అప్పుడు తెలిసింది. బాగున్న కుళాయి విప్పి బిగించేవాడు. బీరువా జరిపి మళ్ళీ యథాస్థానానికి తెచ్చేవాడు. చెప్పుల్ని సైజుల వారీగా వరసపెట్టేవాడు. ఆమె పొద్దున్నే పనికి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి, "వస్తూ ఏమైనా తెస్తావా?" అని అడిగేవాడు. అన్నాళ్ళూ ఆ మాట ఆమె అడిగేది. అది వినలేక ఒకరోజు తమ్ముడి దగ్గర నోరు తెరిచింది.

"బావని నేను పనికి పెట్టుకోవడమేంటక్కా? బాగుండదు" అన్నాడు తమ్ముడు.

"పనికి కాదురా. నాకు తోడుగా వస్తారు."

అలా వచ్చాడాయన. ముసుగులు కడిగేవాడు, టైర్లు సర్దేవాడు, షెడ్డు ఊడ్చేవాడు. ఏదీ ఎవరూ చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. ఇంట్లో మామగారికి వేళకు మందులివ్వాలి కాబట్టి సాయంత్రం బుస్సక్క ముందు బస్సెక్కేది. ఆయన వెనక ఉండి, షెడ్డుకు తాళం వేసి, సైకిల్ మీద వచ్చేవాడు. కొన్నాళ్ళు బండి సాఫీగానే నడిచింది.

ఆ తర్వాత మొదలైంది తలనొప్పి.

మొదట ఒకటీ రెండూ. పొద్దున్న రింగు మార్చిన ట్యాంకు మర్నాటికల్లా బుస్సుమనేది. రింగులు చిట్లడం మామూలే. ఆడేవాళ్ళు ట్యాంకు విప్పే ముందు గన్నులో మిగిలిన గాలిని వదలాలి. సగం మర తిప్పి, నేలకేసి ఉత్తినే నాలుగుసార్లు కాల్చి, అప్పుడు మిగతా సగం తిప్పాలి. అంత ఓపిక ఎవరికుంది? సీసా మూత విప్పినట్టు బరబరా విప్పేస్తారు. ఆ ఒత్తిడికి రింగు గాడిలోంచి ఎగిరి చిట్లుతుంది. బుస్సక్క ఆట మొదలయ్యే ముందు ప్రతి గుంపుకీ ఇది చెప్పేది. వాళ్ళు తలలూపేవారు. మరుక్షణం మర్చిపోయేవారు.

కానీ ఈసారి పాడవుతున్న రింగుల్లో చిట్లినవి తక్కువ. వెదురు పుల్లతో నెమ్మదిగా పైకి తీస్తే, రింగు మెత్తగా, సాగినట్టు, గాడికి వదులుగా ఊడొచ్చేది. తీసినదాన్ని మళ్ళీ పెడదామంటే ఇమిడేది కాదు. కొత్తది వేసి, సబ్బు నురగ రాసి, టబ్బులో ముంచి చూస్తే ఒక్క బుడగ ఉండేది కాదు. హమ్మయ్య అనుకుని ఇంటికి వెళ్ళేది. పొద్దున్నే వచ్చి బిగిస్తే మళ్ళీ బుస్సు.

"ఏం చేస్తున్నావక్కా అసలు? నిన్న మార్చానన్నావు, ఇవాళ మళ్ళీ అదే" అన్నాడు తమ్ముడు.

"మార్చానన్నానా, మార్చలేదన్నానా? నువ్వే గాలి ఎక్కువ నింపుతున్నావేమో చూసుకో."

"మీటరు చూసే నింపుతున్నా."

"మీటరే తప్పేమో."

తమ్ముడు మీటరు మార్పించాడు. ఏం తేడా రాలేదు. ఆట మధ్యలో గన్ను చచ్చినవాళ్ళు షెడ్డు ముందుకొచ్చి, బుస్సక్కే వాళ్ళ ఆట చెడగొట్టినట్టు చూసేవారు. ఒకడైతే, "మా ఇంట్లో కుక్కర్ ఇంతకంటే నయం, అరిచినా అన్నమన్నా పెడుతుంది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. కుక్కర్ల పని చేసి పేరు తెచ్చుకున్న మనిషికి అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

ఆమె అనుమానం రింగుల మీదికి పోయింది. సరుకు నాసిరకం అయ్యుండాలి. అంతకుమించి ఏముంటుంది? పాడైనవి కాగితంలో పొట్లం కట్టుకుని సీళ్ళ షాపుకు వెళ్ళింది. బోరు పంపులకీ లారీ జాకీలకీ సీళ్ళమ్మే షాపది. గోడ నిండా తీగలకు గుచ్చిన రింగులు వేలాడుతుంటాయి. షాపాయన పెద్దమనిషి, మాట తక్కువ.

"ఇవి రింగులా, గాజులా?" అంటూ పొట్లం బల్ల మీద విప్పింది.

ఆయన ఒకటి తీసి, పక్కన కొత్తది పెట్టి చూశాడు. "నేనిచ్చిన కొలత సరిగ్గానే ఉందమ్మా. ఇది ఉబ్బింది. దేనికో తగిలింది. ఏం పూస్తున్నావు?"

"ఏం పూస్తాను, గ్రీజు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ పూస్తున్నా."

"ఏ గ్రీజు?"

"నాకు పని నేర్పుతున్నారా?"

షాపులో ఇంకో ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్ళు వీళ్ళిద్దరి వైపు తిరిగారు. ఆగాల్సిన చోట ఆమె ఆగలేదు. "నాసిరకం సరుకు అంటగట్టి, పైగా నా చేతిని అంటున్నారు. మీలాంటివాళ్ళ దగ్గర కొనడం నా బుద్ధి తక్కువ" అనేసి, పొట్లం అక్కడే వదిలేసి వచ్చేసింది. షాపాయన ముఖం కందగడ్డలా అయింది.

తమ్ముడితో చెప్పి వేరే షాపు నుంచి రింగులు తెప్పించింది. ఆ షాపువాడు పెద్ద పొట్లమే పంపాడు. అవి ఒక పిసరు లావు. గాడిలో బలవంతంగా కూరితే ట్యాంకు మరెక్కేది కాదు. వాటిని తిట్టుకుంటూ పక్కన పడేసి, ఉన్న పాత సరుకులోంచే ఏరుకుంది. గ్రీజు డబ్బా పారేసి కొత్తది తెచ్చింది. ఎందుకైనా మంచిదని కళ్ళద్దాలు కూడా మార్చుకుంది. ఏం చేసినా పొద్దునయ్యేసరికి బుస్సు, బుస్సు.

సాయంత్రాలు ఇంట్లో వంట చేస్తూ ఆ చిరాకంతా గిన్నెల మీద చూపించేది. భర్త గడప దగ్గర పీట వేసుకుని, ఆమె సొదంతా వినేవాడు. ఆయన ఆ పూట మాట్లాడే మాటలు రెండో మూడో, అవీ అడగడానికే.

"గాడిలో రంగు ఉండిపోతోందేమో?" అన్నాడు ఒకసారి.

"ఉండిపోక? బంతులు పగిలి సందుల్లోకి పోయి గట్టిపడుతుంది. దాన్ని ఎవరు తుడుస్తారు? నాకేమైనా పది చేతులున్నాయా?"

ఆయన తల ఊపాడు. ఆమె పోపులో నీళ్ళు పోసింది. ఆ చుయ్యిమన్న శబ్దానికి కూడా చిరాకేసింది ఆమెకు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం ఆయన చొక్కా బకెట్లో వేస్తుంటే ఒక వాసన ఆమె ముక్కుకు తగిలింది. సిరాతో, రోలర్లు తుడిచే మందుతో కలిసిన వాసన. ఇన్నేళ్ళ కాపురంలో అది ఆయన వాసనే. ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లోంచి వెళ్ళిపోయింది. సాయంత్రం సైకిల్ మీద వస్తూ ఆ ప్రెస్సు సందులోకి వెళ్తున్నారన్నమాట. తాళం వేసిన ఆ తలుపుల ముందు నిలబడి వస్తున్నారు. అలా అనుకునేసరికి ఆమె గుండె చెరువైంది. అడిగితే సిగ్గుపడతారు. అడక్కూడదనుకుంది. చొక్కా మెల్లగా నీళ్ళలో ముంచింది, అంతే.

సెలవు రోజొకటి వచ్చింది. ఒక మిల్లు వాళ్ళు కుటుంబాలతో సహా దిగారు. తమ్ముడు కంప్రెసర్ దగ్గర కూర్చుని ట్యాంకులకు గాలి నింపుతున్నాడు. నింపినవి వరసగా బుస్సక్క బల్ల మీదికి వస్తున్నాయి. మొదటిది బుస్సు. రెండోది బాగుంది. మూడోది బుస్సు. నాలుగోదీ బుస్సు. బయట ముసుగులు తగిలించుకున్నవాళ్ళు గోల పెడుతున్నారు. ఆమె వెదురు పుల్లతో రింగు పైకి లేపి, కొత్త అద్దాలు ఇంకా అలవాటు కాక, కళ్ళకు బాగా దగ్గరగా పెట్టుకుని చూసింది. రింగు ఉబ్బి, జిగటగా ఉంది.

అప్పుడు ముక్కుకు తగిలింది ఆ వాసన.

మొదట భర్త పక్కకొచ్చి నిలబడ్డాడేమో అనుకుని తల తిప్పింది. ఎవరూ లేరు. రింగును మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకో ట్యాంకు అందుకుని మూతి వాసన చూసింది. ఆపైన ట్యాంకు పక్కన పొడుచుకొచ్చిన, గాలి నింపే ముక్కును కూడా వాసన చూసింది. అక్కడా అదే.

"ఆపు" అంది.

కంప్రెసర్ హోరులో తమ్ముడికి వినపడలేదు. లేచి వెళ్ళి ఆమే స్విచ్చు కట్టేసింది.

"ఏమైందక్కా?"

"ట్యాంకులెవరూ ముట్టుకోవద్దు. ఒక్కటి కూడా నింపొద్దు."

అంత ఒత్తిడితో గాలి దూసుకుపోయే చోట నూనె చుక్క గానీ, థిన్నరు లాంటిది గానీ ఉంటే లోపల నిప్పు పుట్టొచ్చని ట్యాంకులు అమ్మినవాడు మొదటి రోజే చెప్పాడు. అందుకే ఆ నింపే ముక్కుకు ఆమె గ్రీజు చెయ్యి కూడా తగలనిచ్చేది కాదు. తమ్ముడి చేతులు ఇన్నాళ్ళూ దాని మీదే ఉన్నాయన్న సంగతి తల్చుకుంటే భయమేసింది. ఆ భయం షెడ్డు వెనక్కి నడిచేలోపే కోపమైపోయింది.

భర్త అక్కడ తొట్టి దగ్గర ముసుగులు కడుగుతున్నాడు.

"ట్యాంకుల మూతులకు ఏం పోస్తున్నారు?"

ఆయన ముఖం వెలిగింది. అదే ఆమెకు ఎప్పటికీ మరుపు రాలేదు. చేతులు తుడుచుకుని, టైర్ల వెనక నుంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసుకొచ్చాడు. మూతికి సన్నటి గొట్టం ఉంది. "ఇదా? రోలర్ల మందు. ప్రెస్సు మూసేటప్పుడు మిగిలితే తెచ్చుకున్నా. సాయంత్రం నువ్వెళ్ళాక గాడిలో నాలుగు చుక్కలు పోసి వదిలేస్తా. పొద్దుటికి రంగంతా కరిగిపోతుంది. ఎంత శుభ్రంగా ఉంటున్నాయో చూశావా? నువ్వే కనిపెడతావులే అని చెప్పలేదు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మొదట్లో ఊరికే పైపైన తుడిచేవాణ్ణి. గాడిలో గట్టిపడుతోందని నువ్వన్నాక గట్టిగా పట్టించుకున్నా."

ఆమె గోడు వెళ్ళబోసుకున్నకొద్దీ ఆయన ఇంకాస్త పోశాడన్నమాట. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆమెకు.

"అది రబ్బరండీ."

"ప్రెస్సులో రోలర్లూ రబ్బరే" అన్నాడాయన, ఇంకా నవ్వుముఖంతోనే. "దీనితోనే తుడిచాం అన్నేళ్ళూ. వాటికేం కాలేదు."

"రోలరు మీ చెయ్యంత లావుంటుంది. తుడిచి వెంటనే ఆరబెట్టేవాళ్ళు. ఇది నూలుపోగంత. రాత్రంతా నానబెడితే ఉబ్బదా? ఇన్నాళ్ళూ నా తల ప్రాణం తోకకొచ్చింది. నలుగురిలో మాటలు పడ్డాను. పోనీ రింగులు పోతే పోయాయి, నింపే ముక్కుకు కూడా పూశారు. అది అంటుకుంటే? వాడు దాని ముందే కూర్చుంటాడు." ఆమె తొట్టిలోని ముసుగుల వైపు చెయ్యి చూపింది. "పైగా ఆ రంగు నీళ్ళతో పోతుందండీ. ఒట్టి నీళ్ళతో."

ఆయన చేతిలోని సీసా వైపు చూసుకున్నాడు. ముఖంలో వెలుగు ఎటుపోయిందో పోయింది.

ఈలోగా తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "అక్కా, వాళ్ళు గొడవ చేస్తున్నారు. ఇంకెంతసేపు?"

"ఇవాళ ఆట లేదు. పంపించెయ్."

"పంపించెయ్యడమేంటి? పిల్లలతో వచ్చారు. ఏమని చెప్పను?"

బుస్సక్క నోరు తెరిచేలోపే భర్తే అన్నాడు, ఎప్పటి గొంతుతోనే, అవతల మిల్లు వాళ్ళకు కూడా వినపడేలా. "నేను ట్యాంకులకు మందు పూశాను. అది ప్రమాదమట. తప్పు నాది."

తమ్ముడు ఆ సీసా వైపు, బావ వైపు చూశాడు. పెద్దవాడు, బావ. ఒక్క మాట అనలేడు. ఆ అనలేనిదంతా అక్క వైపు తిరిగింది. "షెడ్డు నీది కదక్కా. నీ వస్తువుల మీద నీకు కన్నుండక్కర్లేదా?" అనేసి, మిల్లు వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడటానికి వెళ్ళిపోయాడు.

అందులో అన్యాయం ఉంది, న్యాయమూ ఉంది. ఆమె షెడ్డులోకి వెళ్ళి ఒక్కో ట్యాంకునీ ఆరుబయటికి తెచ్చి, గాలి మెల్లగా వదలడం మొదలుపెట్టింది. భర్త వచ్చి పక్కన కూర్చుని ఒకటి చేతిలోకి తీసుకోబోయాడు.

"మీరు ముట్టుకోకండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సైకిల్ స్టాండు తీసిన చప్పుడు ఆమెకు వినపడింది. తలెత్తి చూడలేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజులు ఆట మూసే ఉంది. బుస్సక్కా తమ్ముడూ ట్యాంకులన్నీ ఆటోలో వేసుకుని, సిలిండర్లు పరీక్షించే వర్క్‌షాపుకు తీసుకెళ్ళారు. వాళ్ళు ఒక్కోటీ విప్పి, లోపల కడిగి చూశారు. చాలావరకు బాగానే ఉన్నాయన్నారు. కొన్నింటికి లోపలి సీళ్ళు కూడా మెత్తబడ్డాయి, అవి మార్చాలన్నారు. అంతవరకూ తమ్ముడు అక్కతో అవసరమైన మాటే మాట్లాడాడు. ఆమె అది కూడా మాట్లాడలేదు.

ఇంట్లో పరిస్థితి అంతకంటే అన్యాయం. భర్త పొద్దున్నే లేచి, స్నానం చేసి, ఎక్కడికో వెళ్ళేవాడిలా తయారై, గడప దగ్గర కూర్చునేవాడు. వరసపెట్టడానికి చెప్పులు కూడా ముట్టుకోవడం లేదు. ఏ వస్తువు దగ్గరికెళ్ళినా ఆమె వైపు ఒకసారి చూసేవాడు. ఆ చూపు ఆమెకు కంట్లో నలుసులా ఉండేది. మీద పడి అరిచినా బాగుండేది. ఎంత సేపటికీ ఆ అడిగినట్టు చూడటమే.

చివరికి ఒక మధ్యాహ్నం ఆమె కంచం పెడుతూ అడిగేసింది. "ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా? పోస్తున్నానే అని."

"చెబితే నువ్వు మెచ్చుకోవాలి కదా. అడిగి మెచ్చుకోలు పుచ్చుకున్నట్టుంటుందని." ఆయన అన్నం కెలుకుతూ అన్నాడు. "నీకు ముందే తెలిసుంటుందనుకున్నా. చొక్కాలు ఉతికేది నువ్వే కదా."

"వాసన తెలిసింది."

"మరి అడగలేదేం?"

ఆమె మజ్జిగ గిన్నె ఆయన ముందుకు జరిపింది. "ప్రెస్సు దగ్గరికెళ్ళి నిలబడి వస్తున్నారనుకున్నా. బాధలో ఉన్నారు, కదపడమెందుకని."

ఆయన తలెత్తి చూశాడు. "మూసేసిన ప్రెస్సు దగ్గర నిలబడటానికి నాకేమన్నా పిచ్చా?"

"నాకేం తెలుసు?"

"తలుపులు కూడా ఊడబెరుక్కుపోయారు దానికి. ఏం చూడను, గోడల్నా?"

పక్కగదిలోంచి మామగారు, "ఏంట్రా అరుపులు?" అన్నారు. అరుపులు కావు, అది ఆయన మామూలు గొంతే. ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఆ నవ్వుతో అంతా సర్దుకుపోలేదు. ఆ సాయంత్రమే ఆమె పప్పులో ఉప్పు ఎక్కువైందని ఆయన అన్నాడు. "మీరు మందు పొయ్యకపోయినా ఎక్కువైంది" అని ఆమె అంది. అన్నాక నాలుక కరుచుకుంది.

సీళ్ళ షాపుకు వెళ్ళక తప్పలేదు. ఉన్న సరుకు అయిపోయింది, లావు రింగుల పొట్లం ఎందుకూ పనికిరాదు. షాపాయన ముఖం ఎలా చూడాలా అని దారంతా మాటలు కూర్చుకుంది. షాపులోకి అడుగుపెట్టగానే అన్నీ ఎగిరిపోయాయి.

"మీ రింగుల్లో తప్పు లేదండీ. మా ఇంట్లోనే రోలర్ల మందు పోశారు. ఆ రోజు నోరు పారేసుకున్నాను."

పెద్దమనిషి కదా, పోనీలేమ్మా అంటాడనుకుంది. ఆయన అనలేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. "ఆ రోజు ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఒకాయన లారీల ఓనరు. మళ్ళీ రాలేదు. ఆయనకెవరు చెబుతారమ్మా తప్పు లేదని?" అన్నాడు. మాట తక్కువ మనిషి అనుకుంది గానీ, దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది. రబ్బరులో రకాలు, దేనికి ఏది పడుతుంది, దేనికి ఏది పడదు, తను ఆ వ్యాపారంలోకి ఎలా వచ్చాడు, ఎవరెవరు తనని ఎప్పుడెప్పుడు అవమానించారు. ఆమె నిలబడి అంతా విన్నది. మధ్యలో రెండుసార్లు బస్సు వెళ్ళిపోయింది. చివరికి ఆయన ఈసారి పచ్చటి, కాస్త గట్టి రకం రింగులు తీసిచ్చాడు. "ఇవి చిట్లడం తక్కువ. అలాగని వీటి మీదా పొయ్యకండి" అన్నాడు. లారీల ఓనరు ఎక్కడుంటాడో అడిగి తెలుసుకుని, మర్నాడు వెళ్ళి ఆయనకూ అదే చెప్పుకుంది. ఆయనకు ఆ రోజు సంగతే గుర్తు లేదు. లారీలన్నీ వేరే ఊరి రూటుకు మార్చాడట, అందుకని షాపుకు వెళ్ళడం లేదట.

ఆట మళ్ళీ మొదలైంది. బుస్సక్క ఒక్కతే వెళ్ళింది. మొదటి రోజు పొద్దున ట్యాంకులన్నీ టబ్బులో ముంచి చూస్తే ఒక్క బుడగ లేదు. ఎన్నాళ్ళకో ఊపిరి పీల్చుకుంది. మధ్యాహ్నానికి ఒకడు ట్యాంకు బరబరా విప్పేసి, చిట్లిన పచ్చ రింగు చేత్తో పట్టుకుని వచ్చాడు. "ఇది ఊడొచ్చిందాంటీ" అన్నాడు. ఆమె పళ్ళు నూరింది. అయినా ఇది మామూలు తలనొప్పి, తెలిసిన తలనొప్పి.

మర్నాడు బయల్దేరుతుంటే భర్త గుమ్మంలో నిలబడ్డాడు. ఏమైనా తెస్తావా అని అడగలేదు.

"నాకు నేర్పు" అన్నాడు. "ఏది ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో. మొదటి నుంచీ నేర్పు. చెప్పకుండా ఏదీ చెయ్యను."

"నా దగ్గర ఓపిక లేదండీ."

"తెలుసు."

తీసుకెళ్ళింది. ఓపిక లేదని ఊరికే అనలేదామె. ఆయన ఒక్క రింగు వేసేలోపు ఆమె నాలుగు వేసేది. గాడి తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, వెలుతురులోకి పట్టుకుని చూసి, మళ్ళీ తుడిచేవాడు. అచ్చులో రంగు మీద రంగు సరిగ్గా పడిందో లేదో చూసిన కన్ను అది, ఇసుక రేణువుంటే వదిలేది కాదు. "ఇక చాలు, బిగించండి" అని ఆమె, "ఒక్క నిమిషం" అని ఆయన. రోజంతా ఇదే. ఆయన వేసినవి కారవు, నిజమే. కానీ సెలవు రోజున బయట గుంపు అరుస్తుంటే ఆ నిమిషం ఆమెకు నిమిషంలా ఉండేది కాదు. ఒకోసారి చేతిలోంచి లాక్కునేది. లాక్కున్నందుకు తర్వాత తనే ముఖం ముడుచుకుని కూర్చునేది.

తమ్ముడు వారం పాటు షెడ్డు వైపు రాలేదు. తర్వాత ఒకరోజు టీ గ్లాసులు మూడు పట్టుకొచ్చి బల్ల మీద పెట్టి, కంప్రెసర్ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. అదే అతని సంధి.

ఆ రోజే ఒక కాలేజీ గుంపు వచ్చింది. అప్పటికే అరిచి అరిచి అలసిన బుస్సక్క, "ఈ ట్యాంకు విప్పడం గురించి వాళ్ళకు మీరే చెప్పండి, నా గొంతు పోయింది" అంది. ఆయన గన్ను పట్టుకుని బయటికి నడిచాడు. మెషీన్ల హోరును దాటిన ఆ గొంతు మైదానం అవతలి గోడ దాకా వెళ్ళింది. కుర్రాళ్ళంతా నోళ్ళు మూసుకుని ఆయన వైపే చూస్తున్నారు. ఆమె చెప్పినప్పుడు ఒక్కడూ అలా చూసిన పాపాన పోలేదు. ఆమెకు ఒళ్ళు మండింది, కాస్త నవ్వూ వచ్చింది.

"ముందుగా ట్యాంకు పూర్తిగా విప్పాలి," అంటున్నాడాయన, "విప్పాక గన్ను నేలకేసి కాల్చి..."

చేతిలో ట్యాంకు టబ్బులో వదిలేసి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని బుస్సక్క బయటికి పరుగెత్తింది. "పూర్తిగా కాదండీ, సగం. సగం తిప్పి ఆగాలి" అంటూ.